లెక్క ఆగితే ఆగే చెయ్యి

నెల కిందట హైదరాబాదులో బండి జారి నా మోచెయ్యి చెక్కుకుపోయింది. నాలుగో రోజున కట్టు మార్పించుకోవడానికి నేనుండే గదికి దగ్గర్లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానకు వెళ్లాను. ఏసీ గది, మెత్తటి కుర్చీ, గోడకున్న టీవీలో ఈదుతున్న రంగు చేపలు. నర్సమ్మ కట్టు కొస పట్టుకుని, "ఏం కాదు సార్, నొప్పే ఉండదు" అంది. ఆమె చెయ్యి కదలకముందే నా నోట్లోంచి "ఒకటి" అని వచ్చేసింది.

"ఏంటి సార్?"

"ఏం లేదు మేడమ్."

ఆమె ఒక్క గుంజు గుంజింది. నాకు రెండు అనే వ్యవధి దొరకలేదు. కళ్లు తుడుచుకుంటూ బయటికి వచ్చి, బండి తాళం చేతిలో పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను. ఏళ్ల తరబడి తలుచుకోని ఒక పెద్దమనిషి, పీట మీద కూర్చుని, తల పైకెత్తి నా వంక చూస్తున్నట్టే ఉంది.

ఆయన సర్కారు దవాఖానలో గాయాలకు కట్లు కట్టేవాడు. కాగితం మీద డ్రెస్సర్. జనం నోట 'పట్టీల కాక'. ఆర్మూర్ చుట్టుపక్కల నాకు అప్పగించిన దవాఖానల్లో ఆయనున్నది ఒకటి. అది ఏదో చెప్పను. ఆయన పేరు కూడా రాయను. పేరు రాస్తే ఆయనకు నచ్చదని నాకు ఖాయంగా తెలుసు.

బీటెక్ అయిపోయి ఉద్యోగం లేని రోజుల్లో నేను ఒక ఏజెన్సీలో చేరాను. సర్కారు దవాఖానలకు వచ్చే రోగులు అక్కడి సేవలతో తృప్తిగా ఉన్నారా లేదా అని అడిగి ట్యాబ్‌లో ఎక్కించడం నా పని. ఇరవై రెండు ప్రశ్నలు. ఒక్కోదానికి ఐదుకు ఎన్ని మార్కులో రోగి చెప్పాలి. తాగే నీళ్లున్నాయా, మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా, ఫ్యాను తిరుగుతోందా, బోర్డులు చదవడానికి వీలుగా ఉన్నాయా, ఎంతసేపు కూర్చోబెట్టారు, మందులు ఇక్కడే దొరికాయా, ఇలా. చివరి ప్రశ్న ఒక్కటే వేరు: మొత్తం మీద ఎన్ని?

నాకు పట్టికలంటే ఇష్టం. ప్రతి సాయంత్రం మార్కులను గదుల వారీగా పేర్చి చూసుకునేవాణ్ణి. ఆ దవాఖానలో కట్లు కట్టే గది చాలా పాతది. ఫ్యాను తిరగదు. కిటికీకి ఒక రెక్క మూసుకోదు. బయటి బెంచీ మీద ఈ చివరివాడు లేస్తే ఆ చివరివాడు జారిపోతాడు. జనం ఆ సంగతులన్నీ నిజాయితీగానే చెప్పేవారు. ఫ్యానుకు ఒకటి. బెంచీకి ఒకటి. తీరా చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి ఐదు. మళ్లీ ఐదు. పక్క మనిషిని అడిగితే ఐదు.

ఇది పొరపాటే అనుకున్నాను. నేను చదివిన చదువు ప్రకారం, ఫలితం నమ్మశక్యంగా లేనప్పుడు ముందు పరికరాన్ని అనుమానించాలి. ట్యాబ్ మార్చి చూశాను. సిబ్బంది ఎవరైనా పక్కన నిలబడి వింటున్నారేమో అని గేటు బయట, బస్టాపులో అడిగాను. సిబ్బంది చుట్టాలే మళ్లీ మళ్లీ వస్తున్నారేమో అని ఊళ్ల పేర్లు రాసుకున్నాను. మోర్తాడ్, సిరికొండ, మాక్లూర్, ఇంకా పదో పదిహేనో పల్లెలు. దేనిలోనూ తప్పు దొరకలేదు. ఇక గది లోపలికి వెళ్లి చూడటమే మిగిలింది.

వెళ్లాను. తలుపు దగ్గర నిలబడి ట్యాబ్ ఎత్తగానే లోపలినుంచి గొంతు వినిపించింది.

"ఎవలయ్య నువ్వు?"

"సర్వే సార్. పేషెంట్లు తృప్తిగా ఉన్నారో లేదో..."

"గాయం ఇప్పినంక ఎదురుంగ ఊకె నిలవడొద్దు. సూసుడే పనైతే సినిమాకు పో. ఈడుంటె ఏదన్న పట్టుకోవాలె. చేతులు కడుక్కో."

కడుక్కున్నాను. చేతిలో స్టీలు గిన్నె పెట్టాడు. ఆ తర్వాత మూడు నెలల్లో ఆ గిన్నె నేను ఎన్నిసార్లు పట్టుకున్నానో చెప్పలేను. లెక్కలు రాసుకోవడం అలవాటైన నేను లెక్క మరిచిపోయిన పని అదొక్కటే.

ఆయన కూర్చునే తీరు మొదట నాకు వింతగా అనిపించింది. రోగిని ఎత్తు బల్ల మీద కూర్చోబెట్టి, తాను నేల మీద పీట వేసుకుని కూర్చునేవాడు. మోకాళ్లు నొప్పులని మూలిగేవాడు, అయినా పీట మీదే. స్టూలు తెచ్చిస్తానంటే వద్దన్నాడు.

"ఎత్తుల కూసుంటె తిట్టబుద్దయితదిరా. గీడ కూసుంటె ఎవల్ని దిట్టాలన్న మెడ నొస్తది."

చేతులు కడుక్కున్నాక రోగి ముందు రెండు వైపులా తిప్పి చూపించేవాడు, బళ్లో పిల్లలు గోళ్లు చూపించినట్టు. రోగి చూసిందాకా ఆగేవాడు. ఒక ముసలమ్మ మొహమాటపడి తల తిప్పుకుంటే, "సూడవ్వా, నీ కాలు ముట్టే చేతులు గివే" అన్నాడు.

బయట కూర్చున్నవాళ్లకు గంటకోసారి తలుపులోంచి తల బయటపెట్టి చెప్పేవాడు. "ఎనిమిది మంది ఉన్నరు. ఒక్కొక్కలకు పావుగంట. లెక్కేసుకోండ్రి. ఆఖరు నలుగురు చాయ్ తాగి రాండ్రి, మీ నంబరు ఏడికి పోదు." అంతే. మిగతా గదుల దగ్గర అంతే సేపు కూర్చున్నవాళ్లు అరిచేవారు, చీట్లు విసిరేవారు. ఇక్కడ నలుగురు లేచి చాయ్ తాగడానికి పోయేవారు. ఎదురుచూడవలసిన సమయం ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. ఎంతసేపో తెలిసింది, అంతే. ఆ తేడా నా ఇరవై రెండు ప్రశ్నల్లో ఎక్కడా లేదు.

మా వైపు గాయాలకు ఒక ప్రత్యేకత ఉంది. ఏ దెబ్బ తగిలినా ముందు పసుపు పడుతుంది. కొడవలి తెగినా, బండి మీంచి పడ్డా, చలికాలం పోయాక పసుపు ఉడకబెట్టే రోజుల్లో వేడినీళ్లు మీద పడ్డా, చేతికందిన పసుపు గుప్పెడు అద్ది గుడ్డ చుట్టేస్తారు. సొంత చేలో పండింది, కళ్ల ముందు ఉడికింది, ఎండింది. దాన్ని మించిన మందు ఉంటుందని ఎవరు చెప్పినా నమ్మరు. రెండు మూడు రోజులకు అది రక్తంతో, చీముతో కలిసి మట్టిపెళ్లలా గట్టిపడుతుంది. దాన్ని తీయడం నరకం. ఎక్కడ చూసినా ఇక్కడే తిట్లు మొదలవుతాయి. ఆ తిట్లకు భయపడి జనం గాయాన్ని దాచుకుంటారు. దాచుకున్న గాయం ముదురుతుంది.

కాక తిట్టడం నేను వినలేదు. గుడ్డ తీసి, ఆ పచ్చటి పెళ్లను కాసేపు చూసి, ఒకే ప్రశ్న అడిగేవాడు.

"గిది ఏ ఊరి పసుపు?"

"మోర్తాడుది కాకా. మా సొంతం."

"రంగు మంచిగున్నది. పసుపుది ఏం తప్పు లేదు. లోపటి గాయానికే గాలాడ్తలేదు. జర నాననిద్దాం."

సెలైన్ నీళ్లు చుక్కలు చుక్కలుగా పోస్తూ నానబెట్టేవాడు. అది కరిగేదాకా పంట సంగతులు. ఎన్ని ఎకరాలు, దుంప కుళ్లు వచ్చిందా, ఉడకబెట్టడం అయిందా. రోగి తన గాయం మాట మరిచి మార్కెట్టు యార్డులో ధర గురించి ఆయనతో కొట్లాడుతుంటే, కాక వేలు ఆ పెళ్ల అంచు కింద ఎక్కడ వదులైందో వెతుకుతుండేది.

ఆ తర్వాతే అసలు పని.

"ఇప్పుడు తీస్త. నొస్తది. నువ్వు పది లెక్కవెట్టు. నువ్వు నడిస్తె నేను నడుస్త. నువ్వు ఆగితె నేను ఆగుత. పదికి అయిపోతది."

రోగి 'ఒకటి' అన్నాకే చెయ్యి కదిలేది. 'నాలుగు' దగ్గర పళ్లు బిగబట్టి ఆగిపోతే ఆ వేళ్లు కూడా అక్కడికక్కడే, ఎత్తిన దూది ఎత్తినట్టే ఆగిపోయేవి. రోగి ఊపిరి పీల్చుకుని, ముక్కు చీది, ఒక్కోసారి దేవుణ్ణి తిట్టి, 'ఐదు' అనేదాకా కదిలేవి కావు. సరిగ్గా పదికి పని అయిపోయేది. ఇంకాస్త మిగిలిందనిపిస్తే, "ఇంకో పది గావాలె, ఇస్తవా?" అని అడిగి తీసుకునేవాడు. మూడేళ్ల పాప ఒకతి వచ్చింది. ఆమెకు ఐదు దాకానే వచ్చు. ఐదైదుగా విప్పాడు.

ఒకరోజు చేతి గడియారం చూస్తూ కూర్చున్నాను. మిగతా చోట్ల నేను చూసినదానికి రెండింతలు పైగా పడుతోంది ఈయనకు. బయటికి వచ్చిన ఒకామెను ఎంతసేపు పట్టిందమ్మా అని అడిగితే, "గింతసేపు" అని చిటికె వేసింది. నా గడియారం ప్రకారం ఆమె లోపల ఉన్నది పద్దెనిమిది నిమిషాలు. ఆ చిటికెను ఏ గడిలో ఎక్కించాలో నాకు తెలియలేదు.

ఈ పద్ధతి ఎవరు నేర్పారని అడిగాను.

"ఎవలు నేర్పుతరు? ఒకపారి నాకు పట్టీ గట్టిండ్రు. గంతే."

అంతకుమించి తన గురించి ఎప్పుడూ చెప్పలేదు.

'ఏం కాదు' అన్న మాట ఆ గదిలో నిషిద్ధం. కొత్తగా వచ్చిన ఒక ఉద్యోగి ధైర్యం చెప్పడానికి, "ఏం కాదు అవ్వా" అని ముసలమ్మ భుజం తట్టాడు. కాక పీట మీంచి తలెత్తకుండానే, "నీకేం కాదు. అవ్వకైతది" అన్నాడు. ముసలమ్మ కిలకిలా నవ్వింది.

దుబాయి నుంచి సెలవుకు వచ్చి, కొత్త బండి మీద నుంచి పడ్డ ఒకాయన పిక్కకు కుట్లు పడ్డాయి. ఫ్యాను వంక చూస్తూ వచ్చినప్పుడల్లా గొప్పలు పోయేవాడు.

"దుబాయిల దవాఖానలు గిట్లుండయి కాకా. అద్దం లెక్క మెరుస్తయి."

"అట్లనా? అయితే బండి మీదికెల్లి గూడ గక్కడ్నే పడితె అయిపోతుండె గద. లెక్కవెట్టు."

"ఒకటి... అరె జర మెల్లగ..."

"నేనింక ముట్టనే లేదురా నాయినా. గా అద్దం దిక్కే సూసుకుంట లెక్కవెట్టు."

బీడీలు చుట్టే ఒకామె కుడి అరచెయ్యి తెగి వచ్చింది. చెయ్యంతా కట్టేస్తే పని ఆగుతుందని ఏడుపు. కాక పట్టీ పక్కన పెట్టి, "ఏదీ చెల్లే, ఉత్త చేతుల్తోటే ఒక బీడీ జేసి సూపియ్" అన్నాడు. ఆమె కన్నీళ్లతోనే లేని ఆకును పట్టుకుని, లేని తంబాకు పోసి, బొటనవేలితో చుట్టి, కొస మడిచి చూపించింది. ఆయన రెండుసార్లు చేయించాడు. ఏ వేళ్లు నడుస్తున్నాయో చూసుకుని, అవి వదిలేసి, మిగతా చెయ్యికి అల్లినట్టుగా కట్టు కట్టాడు. "రెండు రోజులు జేయకు. మూడో రోజు సంది జర జర జెయ్. ఎట్లాగు జేస్తవు గద" అన్నాడు. నేను నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివాను. కొలతలు తీసుకోవడం అంటే ఏమిటో ఆ రోజు చూశాను.

ఆయన అందరికీ నచ్చాడని కాదు. రిజిస్టరు సాయంత్రం దాకా ఖాళీగా ఉండేది. పై నర్సమ్మ వచ్చి అరిచేది. తన గాజు గ్లాసులో వేరేవాళ్లు చాయ్ తాగితే ఆ పూట అలిగేవాడు. నేను మార్కుల పట్టిక తీసుకెళ్లి, కాకా, నీ గదికే అన్నింటికంటే ఎక్కువ వచ్చాయి అని చూపిస్తే, కళ్లద్దాలు పైకెత్తి ఒకే గడి చూశాడు.

"ఫ్యాను తిరుగుతలేదని రాసిండ్రా?"

"అందరూ రాశారు."

"శబాష్. గదొక్కటి జర గట్టిగ మీదికి పంపు."

ఇదంతా నాకు అప్పటికి ఒక అబ్బురం మాత్రమే. ఆయన చేతి విలువ నాకు నిజంగా తెలిసింది మా మామ కాలు ఆయన ముందు పెట్టిన రోజున.

ఆ రోజుల్లో నేను మాక్లూర్ దిక్కు ఒక పల్లెలో ఉండే మా మేనమామ ఇంట్లో ఉండేవాణ్ణి. ఆయన పసుపు, మక్కజొన్న వేస్తాడు. ఉడికిన పసుపు డ్రమ్ములోంచి దించుతుంటే వేడినీళ్లు ఎడమ పాదం మీద పడ్డాయి. ఆయనకు షుగరు ఉంది. యథాప్రకారం పసుపు అద్ది గుడ్డ చుట్టాడు. వారం తర్వాత ఒక ప్రైవేటు క్లినిక్కుకు వెళితే అక్కడి కుర్ర డాక్టరు పెళ్ల గీకుతూ, "ఈ చెత్త ఎవడు పుయ్యమన్నాడు? బుద్ధి లేదా?" అన్నాడట. మామ సగం గీకిన కాలుతోనే బల్ల దిగి ఇంటికి వచ్చేశాడు. మళ్లీ పసుపే అద్దాడు.

"ముప్పై ఏండ్ల సంది పండిస్తున్న అల్లుడా. దాన్ని వట్టుకొని చెత్త అన్నడు. ఇంక నా కాలు ఎవ్వల్ని ముట్టనియ్య."

మూడు వారాలు ముట్టనివ్వలేదు. గది బయటికి వాసన రావడం మొదలైంది. షుగరు ఉన్న పాదానికి అలాంటి వాసన వస్తే ఏమవుతుందో రోజూ దవాఖానలో తిరిగే నాకు తెలుసు. మోకాలి కింద దాకా కాలు తీసేసిన ఇద్దరిని నా చేత్తో సర్వే చేశాను. అందుకే అబద్ధం ఆడాను. షుగరు మందుల చీటీ రాయించుకుని వద్దాం మామా, కాలు ఎవరూ ముట్టరు అన్నాను.

పట్టీల గది గుమ్మం దాటగానే మామకు అర్థమైంది. బల్ల మీద కూర్చోబెట్టాను కానీ ఆయన నా వంక చూడటం లేదు. కాక చేతులు కడుక్కుని, రెండు వైపులా చూపించి, పీట మీద కూర్చుని, కట్టు ముట్టుకోకుండానే అడిగాడు.

"పటేలా, ఏమనుకొని వచ్చినవు?"

"మందుల చీటికి వచ్చిన."

కాక నా వైపు తిరిగాడు. "నువ్వేనా జెప్పింది?"

నేను తల దించుకున్నాను.

"అయితే పటేలా, నిన్ను అబద్దమాడి తెచ్చిండ్రు. చీటి పక్క గదిల రాస్తరు. రాయించుకొని పో, నేను అడ్డం రాను. పోయెముందు ఒక్క మాట ఇను. గీ వాసన పసుపుది కాదు. పసుపు వాసన నీకంటె ఎవనికి బాగ ఎర్క?"

మామ తల వంచి కట్టు వాసన పీల్చాడు. తర్వాత, "ఇప్పు" అన్నాడు.

గుడ్డ వచ్చింది. "గిది ఏ ఊరి పసుపు?" అన్న ప్రశ్న వచ్చింది. మామ ఊరి పేరు చెప్పాడు. "ఈ యేడు ఎట్లున్నది?" అంటే, "కొమ్ము సన్నగొచ్చింది" అన్నాడు. సెలైన్ చుక్కలు పడుతున్నాయి. ఇక లెక్క పెట్టమన్నాడు కాక. మామ మొహం మళ్లీ బిగుసుకుంది.

"నేనేమన్న బడి పిల్లగాన్నా లెక్కవెట్టనీకి? గుంజితె గుంజు."

కాక గుంజలేదు. చెయ్యి పాదం మీద అలాగే ఉంచి కూర్చున్నాడు. ఐదు నిమిషాలు. పది. బయట బెంచీ మీద నుంచి ఎవరో అరిచారు. "ఏందే కాకా, లోపట పెండ్లి జేస్తున్నవా?"

"పెండ్లైతె నిన్ను బిలుస్త గని, ఇంకో పావుగంట ఆలిశమైతది. చాయ్ తాగి రాపో."

మామ మళ్లీ లేచి వెళ్లిపోతే ఇక రాడు. ఆ భయంతో నేనే మొదలుపెట్టాను. "ఒకటి, రెండు..."

కాక చెయ్యి కదలలేదు. తల తిప్పి నన్ను చూశాడు.

"కాలు నీదా?"

నేను నోరు మూసుకున్నాను. నా బతుకులో అంత చిన్న ప్రశ్నకు అంతగా సిగ్గుపడింది లేదు. ఆ ప్రశ్న విని మామ మొదటిసారి కాక ముఖంలోకి సూటిగా చూశాడు. తన పాదాన్ని చూసుకున్నాడు. అప్పుడు గొంతు సవరించుకుని అన్నాడు.

"లాభం."

మా రైతులు గింజలు కొలిచేటప్పుడు మొదటి కొలతను ఒకటి అనరు. లాభం అంటారు, ఆ తర్వాతే రెండు. మామ బడి పిల్లవాడిలా లెక్కపెట్టనన్నాడు, నిజంగానే పెట్టలేదు. తన కళ్లంలో రాశి ముందు కూర్చున్న మనిషిలా మొదలుపెట్టాడు. కాక మొహంలో ఏమీ మారలేదు. చెయ్యి కదిలింది.

"రెండు... మూడు..." మడమ దగ్గర మామ ఆగాడు. చెయ్యి ఆగింది. "నాలుగు." కదిలింది. ఐదు దగ్గర బల్ల అంచు పట్టుకున్నాడు. ఆరు అనడానికి చాలాసేపు పట్టింది. పెళ్ల ముక్కలు ముక్కలుగా నా గిన్నెలో పడుతోంది. ఇక చిటికెన వేలు మిగిలింది. "ఏడు, ఎనిమిది, తొమ్మిది" అని మామ హాయిగా, యార్డులో బస్తాలు లెక్కపెట్టినట్టు అనేస్తున్నాడు. గండం గడిచిందని నేను ఊపిరి పీల్చుకున్నాను.

కాక చెయ్యి ఆగింది. లెక్క నడుస్తుండగా ఆ చెయ్యి ఆగడం నేను చూడటం అదే మొదటిసారి.

"పటేలా, గీడ నొస్తలేదా?"

"లే. మంచిగనే ఉన్నది."

"నొయ్యాలె."

కాక దూది పక్కన పెట్టాడు. "డాక్టరమ్మను పిలిపిస్తున్న. ఆమెనే సూసి చెప్తది, ఆమె మాటనే మాట. నాకు కనవడ్డది గూడ జెప్పాల్నా, వద్దా? వద్దంటె జెప్ప."

"జెప్పు."

"గీ వేలు పోతది. గది ఇంక నీది గాదు. ఇంకా మీదికైతె పాకలే. రోజు తప్పకుండ వస్తె పాదం ఉంటది. రాకపోతె ఏమైతదో నేను జెప్పలేను."

నేను మామ మొహం చూడలేకపోయాను. దవాఖానలో ఏ మనిషీ రోగికి అంత నగ్నంగా నిజం చెప్పడం నేను వినలేదు. లేచి వెళ్లిపోతాడనుకున్నాను. మామ కాసేపు వేలు వంక చూసి, కాక వంక చూసి, "ఇంకొకటి మిగిలింది గద" అన్నాడు. "పది. కానియ్."

డాక్టరమ్మ వచ్చింది. చూసింది. ఆమె మాటా అదే అయింది. రెండు రోజుల తర్వాత అక్కడే వేలు తీసేశారు. ఆ తర్వాత నెలన్నర పైగా మామ ఒక్క రోజు తప్పలేదు. మక్కకు నీళ్లు పెట్టే వంతు వచ్చిన రోజు కూడా తెల్లవారకముందే నీళ్లు తిప్పి, మొదటి బస్సుకే వచ్చి, బెంచీ మొదట్లో కూర్చునేవాడు. నన్ను తోడు రానివ్వలేదు. నేను గిన్నె పట్టుకుని ఎదురుగా ఉన్నా నా వంక చూడకుండా, పీట మీది మనిషితోనే మాట్లాడేవాడు. రోజూ 'లాభం' నుంచే. కాక రోజూ గాయం చూపించేవాడు. "సూడు, అంచు ఎర్రగయింది. ఎరుపు మంచిది." మామ వంగి, కంకి పాలు పట్టిందో లేదో చూసినంత శ్రద్ధగా చూసేవాడు.

ఒకరోజు కాక కట్టు కట్టలేదు. పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకుని అటూ ఇటూ తిప్పి, నేల మీద పెట్టి, "ఇంక నా తోని పని లేదు పటేలా. చెప్పులు లేకుండ చేన్ల అడుగు వెట్టకు" అన్నాడు. మామ సరే అన్నాడు. ఇద్దరూ అంతకుమించి ఏమీ అనుకోలేదు. తర్వాతి రోగి అప్పటికే గుమ్మంలో ఉన్నాడు.

చికిత్స ముగిసిన ప్రతివారినీ సర్వే చేయాలన్నది మా నియమం. చుట్టమని వదిలేస్తే లెక్క తప్పుతుంది. గేటు దగ్గర మామను ఆపి ట్యాబ్ తీశాను. ఆయన కోపం పూర్తిగా పోలేదు కానీ జవాబులు చెప్పాడు. ఫ్యానుకు ఒకటి. బెంచీకి, "దానికి సున్న లేదా?" అన్నాడు. నీళ్లకు మూడు. ఎదురుచూసిన సమయానికి రెండు. నేను ఒక్కోటి నొక్కుకుంటూ చివరి ప్రశ్న దగ్గరికి వచ్చాను.

"మొత్తం మీద ఐదుకు ఎన్ని మామా?"

"ఐదు."

నాలోని పరీక్షకుడు ఊరుకోలేదు. "వేలు పోయింది గదా?"

మామ ఆగాడు. నెలన్నరలో మొదటిసారి నన్ను తిన్నగా చూశాడు. నేను ఆడిన అబద్ధం ఇంకా మా ఇద్దరి మధ్య ఉందని ఆ చూపులోనే తెలిసింది.

"పోతదన్నడు, పోయింది. ఉంటదన్నడు, ఉన్నది. ఇంకేం గావాలె అల్లుడా?"

దూరంగా బస్సు హారన్ వినిపించింది. మామ రెండు పాదాల మీదా బరువు వేసి, నా కోసం ఆగకుండా, రోడ్డు వైపు గబగబా నడిచాడు.